పండుగ పూట పొట్ట మాట

సంక్రాంతి దగ్గర పడుతోందంటే చాలు, ఇళ్ళల్లో మూకుళ్ళు పొయ్యికెక్కుతాయి. కోస్తా జిల్లాల్లో అరిసెలూ, జంతికలూ; తెలంగాణలో సకినాలూ, గారెలూ; రాయలసీమలో బక్ష్యాలూ, పొంగలీ. సంక్రాంతి ఒక్కటేనా? ఉగాది, రంజాన్, వినాయక చవితి, దసరా, దీపావళి, క్రిస్మస్ - ఏ పండుగైనా దానికంటూ ఒక వంట ఉంటుంది. పండుగను మనం కళ్ళతో చూసేదానికన్నా నాలుకతో గుర్తుపెట్టుకునేదే ఎక్కువ.

అయితే ఎప్పుడైనా ఈ సంగతులు గమనించారా? రోజూ రెండు ఇడ్లీలకే చాలుననేవాడు పండుగ రోజున అంత భోజనం ఎలా చేయగలుగుతాడు? "అమ్మో, ఇక అన్నం ఒక్క మెతుకు కూడా పట్టదు" అన్న నోటికి మరుక్షణమే బూరె ఎలా పట్టింది? పండుగ మూడు రోజులే కదా, బిగుతైన నిక్కరు నెల తరువాత కూడా వదులు కాలేదేం? చక్కెర వ్యాధి ఉన్న తాతయ్యతో "ఒక్క అరిసెకేమవుతుంది, తినండి" అనవచ్చా, అనకూడదా?

"మితంగా తినాలి" అని పెద్దలు చెబుతూనే ఉంటారు. మనం వింటూనే ఉంటాం. విన్నది ఆచరణలోకి రాకపోవడానికి ఒక కారణం, ఎందుకు అన్నది మనకు తెలియకపోవడమే. ఆ "ఎందుకు" మన శరీరం పనిచేసే తీరులో ఉంది. రండి, అన్నవాహిక దారిన లోపలికి వెళ్ళి చూద్దాం.

సాగే సంచి

జీర్ణాశయం కండరాలతో చేసిన సంచి. ఖాళీగా ఉన్నప్పుడు దాని లోపలి గోడలు ముడతలు పడి ఉంటాయి. అప్పుడు అందులో పట్టేది ఒక చిన్న టీ గ్లాసుకన్న తక్కువే. మనం తినడం మొదలుపెట్టగానే పై భాగంలోని కండరాలు వాటంతట అవే వదులవుతాయి, ముడతలు విచ్చుకుంటాయి. పెద్దవాళ్ళలో అది లీటరు నుంచి లీటరున్నర వరకు పట్టేంతగా సాగుతుంది. బెలూను ఊదితే లోపలి ఒత్తిడి పెరుగుతుంది గదా! జీర్ణాశయం అలా కాదు. చాలా మేరకు ఒత్తిడి పెరగకుండానే చోటిస్తుంది. అంచేతనే పండుగ భోజనం మొదట్లో ఎంత తిన్నా బరువు తెలియదు. బరువు తెలిసే సమయానికి సంచి నిండిపోయి ఉంటుంది.

ఇలా సాగడం ఒక లోపం కాదు. మనిషి చరిత్రలో అధిక భాగం తిండి దొరికిన రోజులకన్న దొరకని రోజుల భయమే ఎక్కువ. 1876-78 నాటి మహా కరువులో రాయలసీమ ఎంతగా అల్లాడిందో చరిత్ర పాఠంలో చదువుకొని ఉంటారు. దొరికినప్పుడు తిని, మిగిలినదాన్ని కొవ్వుగా దాచుకోగల శరీరమే కరువును తట్టుకుంటుంది. మన ఒంట్లో ఉన్నది ఆ పాత శరీరమే. దానికి కేలెండరు తెలియదు. పండుగ ఏడాదికొకసారే వస్తుందో, పండుగ తిండి ప్రతి సాయంత్రం వీధి చివర దొరుకుతుందో దానికి తెలియదు. వచ్చినదాన్ని దాచడమొక్కటే తెలుసు.

తుపాకి గుండు తెరచిన కిటికీ

జీర్ణాశయంలో ఏం జరుగుతుందో మొట్టమొదట కళ్ళారా చూసిన సందర్భం చిత్రమైనది. 1822లో అమెరికాలోని మాకినాక్ ద్వీపంలో అలెక్సిస్ సెయింట్ మార్టిన్ అనే యువకుడికి పొరపాటున తుపాకి పేలి పొట్టలో గుండు దెబ్బ తగిలింది. విలియం బ్యూమాంట్ అనే సైనిక వైద్యుడు చికిత్స చేసి అతణ్ణి బ్రతికించాడు. గాయం మానింది గాని, జీర్ణాశయంలోకి ఒక రంధ్రం అలాగే ఉండిపోయింది. ఆ రంధ్రమే శాస్త్రానికి కిటికీ అయింది.

బ్యూమాంట్ మాంసం ముక్క, రొట్టె ముక్క, కేబేజీ ముక్క - ఇలా ఒక్కొక్కదానికి పట్టుదారం కట్టి రంధ్రంలోంచి లోపలికి దించేవాడు. కొంతసేపు ఆగి, పైకి లాగి, ఎంత అరిగిందో చూసేవాడు. ఇటువంటి ప్రయోగాలు ఎన్నో చేసి 1833లో పుస్తకంగా ప్రకటించాడు. ఉడికించిన అన్నం గంటలోనే జీర్ణాశయాన్ని దాటితే, కొవ్వు మాంసానికి ఐదు గంటలకు పైగా పట్టిందని వ్రాశాడు. నూనె పదార్థాలు నెమ్మదిగా అరుగుతాయని అతను కళ్ళతో చూసి చెప్పాడు.

కారణం ఈనాడు మనకు తెలుసు. కొవ్వు చిన్నప్రేగులోకి చేరగానే ప్రేగు గోడ "నెమ్మది, నెమ్మది" అని జీర్ణాశయానికి కబురు పంపుతుంది. జీర్ణాశయం తలుపు బిగుసుకుంటుంది. అందుకే ఉదయం తిన్న నాలుగు గారెలు మధ్యాహ్నానికి కూడా కడుపులో బరువుగా ఉంటాయి. వాటిమీద మళ్ళీ భోజనం పడితే పుల్లని త్రేనుపులూ, గుండెల్లో మంటా మొదలవుతాయి.

కబురు ఆలస్యంగా చేరుతుంది

ఆకలి వేసిందనీ, కడుపు నిండిందనీ మెదడుకు ఎలా తెలుస్తుంది? కొంత నరాల ద్వారా, కొంత రక్తంలో ప్రయాణించే హార్మోనుల ద్వారా.

జీర్ణాశయం ఖాళీగా ఉన్నప్పుడు దాని గోడలనుంచి గ్రెలిన్ అనే హార్మోను వెలువడుతుంది. దాన్ని 1999లో జపాను శాస్త్రజ్ఞులు కనుగొన్నారు. అది "ఆకలి, ఆకలి" అని మెదడుకు చాటింపు వేస్తుంది. తిన్నాక దాని జోరు తగ్గుతుంది. ఆహారం చిన్నప్రేగుకు చేరగానే కొలిసిస్టోకైనిన్ వంటి మరికొన్ని హార్మోనులు బయలుదేరి "ఇక చాలు" అంటాయి. కాని ఈ చాలుననే కబురు పూర్తిగా అందడానికి పదిహేను, ఇరవై నిమిషాలు పడుతుంది.

ఇక్కడే ఉంది చిక్కు. ఆటకు పరుగెత్తాలన్న తొందరలో పది నిమిషాల్లో భోజనం ముగించేవాడు కబురు అందకముందే రెండోసారి వడ్డించుకుంటాడు. నెమ్మదిగా నమిలి, మాట్లాడుతూ తినేవాడికి కబురు తినేటప్పుడే అందుతుంది. రెండవ వడ్డనకు ముందు కాసేపు ఆగమని చెప్పడం పిసినారితనం కాదు. అది మెదడుకు ఉత్తరం చేరే వ్యవధి అన్నమాట.

ఇంకొక మెలిక ఉంది. సాయంత్రం విందు ఉంది గదా అని ఉదయంనుంచి మాడితే ఏమవుతుంది? గ్రెలిన్ పెరిగి, విందు దగ్గరకు చేరేసరికి మనం ఆగలేని స్థితిలో ఉంటాం. మాడి తింటే, మామూలుగా తిన్నదానికన్న ఎక్కువే తింటాం. పండుగనాడు కూడా ఉదయం ఫలహారం మానకూడదనడానికి కారణం ఇదే.

బూరెకు చోటెక్కడిది?

అన్నం వద్దన్నవాడికి బూరె ఎలా పట్టిందన్న ప్రశ్నకు వద్దాం. ఒకే రుచి తింటూ ఉంటే ఆ రుచిమీద మోజు నిమిష నిమిషానికీ తగ్గుతుంది. పులిహోర మొదటి ముద్ద అమృతం, పదిహేనో ముద్ద ఒట్టి పులిహోర. కాని మోజు తగ్గింది పులిహోరమీదనే. తీపిమీద తగ్గలేదు, కరకరలాడేదానిమీద తగ్గలేదు. కొత్త రుచి కనిపించగానే మెదడు మళ్ళీ మొదటినుంచి లెక్క మొదలుపెడుతుంది.

దీనిమీద 1981లో బార్బరా రోల్స్ అనే శాస్త్రవేత్తా ఆమె సహచరులూ ప్రయోగాలు ప్రకటించారు. కొందరికి ఒకే రకం శాండ్‌విచ్‌లు పెట్టారు. మరొకసారి నాలుగు రకాలు పెట్టారు. నాలుగు రకాలు పెట్టినప్పుడు తిన్నది మూడోవంతు ఎక్కువైంది. మన పండుగ విస్తరి చూడండి: పులుపు, తీపి, కారం, ఉప్పు, కరకర, మెత్తన. నాలుగు కాదు, పది రకాలు. అంటే పది సార్లు లెక్క మొదలవుతుందన్నమాట.

అలాగని రకాలు మానేయమని కాదు. పది రకాలు ఉన్నప్పుడు ఒక్కొక్కటి పదో వంతు వడ్డించుకోవాలి, అంతే. ఉగాది పచ్చడి చూడండి. ఆరు రుచులు ఉన్నా తినేది చారెడే!

మూకుట్లో ఏం జరుగుతోంది?

ఇప్పుడు వంటింట్లోకి వెళదాం. నూనె దాదాపు 170, 180 డిగ్రీల సెంటీగ్రేడు వేడిమీద ఉంది. అందులో గారె వేశారు. బుసబుసమని బుడగలు వచ్చాయి. ఆ బుడగలు ఏమిటి? నూనె మరగడమా? కాదు. పిండిలోని నీరు 100 డిగ్రీల దగ్గర ఆవిరై బయటికి తన్నుకువస్తోంది. ఆవిరి బయటికి తోస్తున్నంతసేపూ నూనె లోపలికి చొరబడలేదు.

మరి గారెలోకి నూనె ఎప్పుడు చేరుతుంది? చాలా భాగం మూకుడులోంచి తీసిన తరువాత! పైకి తీయగానే గారె చల్లబడుతుంది. లోపలి ఆవిరి తిరిగి నీరవుతుంది. ఆవిరి నీరైతే ఆక్రమించే చోటు తగ్గిపోయి లోపల ఒత్తిడి పడిపోతుంది. అప్పుడు పైన అంటుకొని ఉన్న నూనెను గారె సిరాబుడ్డిలో ముంచిన పిల్లరులాగా లోపలికి పీల్చుకుంటుంది.

ఇప్పుడు అరిసెలు చేసేటప్పుడు అమ్మమ్మ చేసే పని గుర్తు చేసుకోండి. నూనెలోంచి తీసీ తీయగానే రెండు గరిటెల మధ్యనో, రెండు చెక్కల మధ్యనో పెట్టి గట్టిగా నొక్కుతుంది. నూనె ధారగా కారుతుంది. వేడి మీదనే ఎందుకు నొక్కాలి? చల్లారితే నూనె లోపలికి పోతుంది కాబట్టి. శాస్త్రం చదవకపోయినా ఆమె చేసినది అక్షరాలా శాస్త్రమే. సకినాలను గుడ్డమీద చుట్టి కొంత తడి ఆరాకే వేయించడంలోనూ ఇటువంటి లాభమే ఉంది. నీరు వెళ్ళిపోయిన ఖాళీల్లోనే నూనె చేరుతుంది. ముందే కొంత తడి ఆరితే నూనెకు దొరికే చోటు తగ్గుతుంది.

ఇంకొక మాట. ఒకే నూనెను మళ్ళీ మళ్ళీ కాచితే అది విరిగి హానికరమైన పదార్థాలు పుడతాయి. అటువంటివి నూనెలో 25 శాతం మించితే ఆ నూనె వాడరాదని మన దేశపు ఆహార భద్రతా ప్రమాణాల సంస్థ పెట్టిన నియమం 2018 జూలై 1నుంచి అమలులోకి వచ్చింది. ఇంట్లో కొలిచే యంత్రం ఉండదు. నల్లబడి, చిక్కబడి, నురుగు కక్కుతూ, కంపు కొట్టే నూనెను వంటకు వాడకూడదని గుర్తుంచుకుంటే చాలు.

ఒక అరిసె లెక్క

ఆహారంలోని శక్తిని కాలరీలలో కొలుస్తారు. ఇక్కడ మనం కాలరీ అంటున్నది కిలోకాలరీనే. ఒక గ్రాము పిండిపదార్థంలో 4, మాంసకృత్తులలో 4, కొవ్వులో 9 కాలరీలు ఉంటాయి.

నలభై గ్రాముల అరిసె ఒకటి తీసుకుందాం. అందులో సుమారు 15 గ్రాముల బియ్యప్పిండి, 12 గ్రాముల బెల్లం, 8 గ్రాముల నూనె, గ్రాము నువ్వులు, మిగిలినది నీరు అనుకుందాం. పిండినుంచి 52, బెల్లంనుంచి 46, నూనెనుంచి 72, నువ్వులనుంచి 5. మొత్తం 175 కాలరీలు. అదే నలభై గ్రాముల ఇడ్లీలో 60కి మించవు. ఇడ్లీలో ఎక్కువ భాగం నీరు, నూనె లేదు. అరచేతిలో ఒకేలా తూగిన రెండింటిలో ఒకటి రెండోదానికి మూడింతలు!

యాభై కిలోల మనిషి గంటసేపు మామూలుగా నడిస్తే ఖర్చయ్యేది ఇంచుమించు 175 కాలరీలే. భయపడకండి. తిన్న ప్రతి అరిసెకూ గంట నడవాలని దీని అర్థం కాదు. కదలకుండా కూర్చున్నా గుండె, మెదడు, కాలేయం శక్తిని వాడుకుంటూనే ఉంటాయి. మీరు ఎదిగే వయసులో ఉన్నారు కూడా. 13నుంచి 15 ఏళ్ళ బాలుడికి రోజుకు 2860, బాలికకు 2400 కాలరీల దాకా అవసరమని మన జాతీయ పోషకాహార సంస్థ 2020లో లెక్క కట్టింది. పండుగనాడు తిన్న రెండు అరిసెలు ఆ లెక్కలో సునాయాసంగా ఇమిడిపోతాయి.

అసలు పండుగ డబ్బాలో ఉంది

మరి బరువు ఎప్పుడు పెరుగుతుంది? పండుగ మూడు రోజుల్లో కాదు, ఆ తరువాత. అరిసెల్లో, జంతికల్లో, సకినాల్లో సూక్ష్మజీవులు పెరగడానికి చాలినంత తడి ఉండదు. అంచేత అవి వారాల తరబడి నిలవుంటాయి. రైలెక్కి చుట్టాలిళ్ళకు పోతాయి, డబ్బాల్లో అటక ఎక్కుతాయి. బడినుంచి రాగానే డబ్బా మూత తీయడం అలవాటవుతుంది.

రోజూ రెండు అరిసెలు మామూలు తిండికి అదనంగా తింటున్నామనుకోండి. రోజుకు 350 కాలరీలు. ఇరవై రెండు రోజులకు 7700. ఒక కిలో శరీరపు కొవ్వులో దాగే శక్తి ఇంచుమించు అంతే! శరీరం ఇంత ఖచ్చితంగా గణితం ప్రకారం నడవదు. తిన్నదానికి తగ్గట్టు కొంత సర్దుకుంటుంది. ఐనా లెక్క ఏ దిక్కు పోతోందో తెలుస్తోంది గదా.

అమెరికాలో 195 మంది పెద్దవాళ్ళను వారి పండుగల కాలంలో తూచి, 2000లో ఫలితాలు ప్రకటించారు. నవంబరు మధ్యనుంచి జనవరి మొదటి దాకా వారు సగటున పెరిగింది 370 గ్రాములు మాత్రమే. "ఇంతేనా?" అనిపిస్తుంది. కాని తరువాతి నెలల్లో అది తగ్గలేదు. ఏటేటా ఇలా పావు, అరకిలో చేరుతూ పోతే ఇరవై ఏళ్ళకు ఎంతవుతుందో మీరే లెక్క కట్టండి. పండుగ తెచ్చే బరువు పెద్దది కాదు, పోనిదన్నమాట.

ఒంటినిండా చెంచాడు చక్కెర

ఇక తాతయ్య సంగతి. పెద్దవారి ఒంట్లో సుమారు ఐదు లీటర్ల రక్తం ఉంటుంది. ఆరోగ్యవంతుడి రక్తంలో, పరగడుపున, గ్లూకోజు మొత్తం ఎంత ఉంటుందో తెలుసా? దాదాపు ఐదు గ్రాములు. అంటే ఒక్క చెంచాడు! మన అరిసెలో బెల్లమే 12 గ్రాములు ఉంది. పిండి కూడా చివరికి గ్లూకోజుగానే మారుతుంది. చెంచాడు ఉండవలసిన చోటికి నాలుగైదు చెంచాలు వచ్చిపడుతున్నాయన్నమాట. వెంటనే క్లోమం ఇన్సులిన్ విడుదల చేస్తుంది. ఇన్సులిన్ ఆ గ్లూకోజును కండరాలకూ, కాలేయానికీ, కొవ్వు కణాలకూ పంచి, రక్తాన్ని మళ్ళీ చెంచాడు దగ్గరకు తెస్తుంది.

చక్కెర వ్యాధి ఉన్నవారిలో ఈ పంపకం సరిగా జరగదు. రక్తంలో గ్లూకోజు గంటల తరబడి ఎక్కువగానే ఉండిపోతుంది. అది ఏళ్ళ తరబడి కొనసాగితే కళ్ళూ, మూత్రపిండాలూ, నరాలూ, గుండే దెబ్బతింటాయి. "పంచదార కాదు, బెల్లమే గదా" అని చాలామంది నచ్చచెబుతారు. బెల్లంలో కాస్త ఇనుమూ, ఇతర ఖనిజ లవణాలూ ఉన్నమాట నిజమే. కాని అందులో ఎక్కువ భాగం పంచదారలో ఉన్న చక్కెరే. తాతయ్య రక్తానికి రెండూ తోబుట్టువులే.

అందుచేత పెద్దవాళ్ళను బలవంతపెట్టకండి. "నేనిచ్చాను, కాదనకూడదు" అని మనుమడు అంటే కాదనలేని తాతయ్యలే ఎక్కువ! అలాగని వాళ్ళ ముందు డబ్బాలు దాచి అవమానించకండి. వైద్యుడి సలహామేరకు, భోజనంలో అన్నం ఆ మేరకు తగ్గించుకొని, చిన్న ముక్క రుచి చూడవచ్చునేమో వారే నిర్ణయించుకుంటారు. పండుగ హడావుడిలో వారు మాత్ర వేసుకున్నారో లేదో, వేసుకున్నాక సమయానికి తిన్నారో లేదో గమనించడం మీరు చేయగల గొప్ప సహాయం. కొన్ని మందులు వేసుకొని పూజ అయ్యేదాకా మాడితే రక్తంలో గ్లూకోజు ప్రమాదకరంగా పడిపోతుంది. వణుకు, చెమటలు, మాట తడబాటు కనిపిస్తే, స్పృహ ఉండి మింగగలిగినప్పుడు, వెంటనే చక్కెర నీళ్ళు తాగించి పెద్దలను పిలవాలి. స్పృహ లేకపోతే నోట్లో ఏదీ పోయకూడదు, ఆలస్యం లేకుండా ఆస్పత్రికి చేర్చాలి.

పండుగలోనే ఉన్న ఉపాయాలు

సంక్రాంతి పంట పండుగ. పిండివంటల సందడిలో మనం మరచిపోయే వంటలు ఆ విస్తరిలోనే ఉన్నాయి: చిక్కుడుకాయ కూర, గుమ్మడికాయ పులుసు, పప్పు, పెరుగు. రేగుపళ్ళలో విటమిన్ సి సమృద్ధిగా ఉంటుంది. నువ్వుల్లో కాల్షియం ఎక్కువ. కనుమనాటి మినుముల్లో మాంసకృత్తులు మెండు. 1918లో కూనూరులో చిన్న పరిశోధన విభాగంగా మొదలై, తరువాత హైదరాబాదుకు తరలివచ్చిన జాతీయ పోషకాహార సంస్థ కూడా రోజుమొత్తం కంచంలో సగం కూరగాయలూ పళ్ళూ ఉండాలని చెబుతోంది. అంచేత పండుగను మార్చనక్కరలేదు. వరుసను మార్చుకుంటే చాలు.

మొదట కూరలూ, పప్పూ తినండి. తరువాత అన్నం. తీపి చివర. కూరల్లోని పీచు, పప్పులోని మాంసకృత్తులు ముందుగా చేరితే గ్లూకోజు రక్తంలోకి ఒక్క ఉదుటున కాక నెమ్మదిగా వస్తుంది. ఖాళీ కడుపున అరిసె తినడానికీ, భోజనం చివర తినడానికీ ఇదే తేడా.

పిండివంటకు ఒక వేళ పెట్టుకోండి. ఎన్ని తినాలో ముందే పళ్ళెంలో పెట్టుకొని డబ్బా మూత వేసి, తిరిగి పైన పెట్టండి. డబ్బాలోంచే తినే చేతికి లెక్క ఉండదు. జంతికల్లో ఉప్పు ఎక్కువ కాబట్టి వాటికీ ఇదే వర్తిస్తుంది. శీతల పానీయం బదులు మంచినీళ్ళో, పలుచని మజ్జిగో తాగండి.

భోజనం కాగానే పడుకోకండి. పది, పదిహేను నిమిషాలు మెల్లగా నడవండి. పనిచేసే కండరం ఇన్సులిన్‌కోసం పెద్దగా ఎదురుచూడకుండా రక్తంలోంచి గ్లూకోజును తీసుకుంటుంది. తాతయ్యను కూడా వెంట తీసుకువెళ్ళండి. గాలిపటాలు ఎలాగూ ఉన్నాయి!

ఇక మొహమాటం. మన ఇళ్ళల్లో వడ్డించడం ప్రేమకు గుర్తు. అత్తయ్య బూరెతో వచ్చినప్పుడు ముఖం తిప్పుకుంటే ఆమె నొచ్చుకుంటుంది. "చాలా బాగుంది అత్తయ్యా, సగం పెట్టండి, మళ్ళీ సాయంత్రం తింటాను" అని చూడండి. మెచ్చుకోలూ అందింది, సగమూ మిగిలింది.

ఒక ముఖ్యమైన మాట

ఇదంతా చదివి ఎవరూ తిండి మానవద్దు. మన దేశంలో 2019-21 సర్వేలో 15నుంచి 19 ఏళ్ళ బాలికల్లో నూటికి 59 మందికి రక్తహీనత ఉన్నట్టు తేలింది. ఒక ఇంట్లో తిండి ఎక్కువై బాధపడుతుంటే, పక్క ఇంట్లోనే చాలక బాధపడుతున్నారు. ఎదిగే వయసులో మాడటం ఎముకలకూ, రక్తానికీ, చదువుకూ చేటు. పండుగనాడు ఒక పూట ఎక్కువైతే నేరం చేసినట్టు కుమిలిపోనక్కరలేదు. మర్నాడు మామూలు తిండికి రండి, సరిపోతుంది.

అలాగే లావుగా ఉన్న మిత్రుడి విస్తరిలోకి చూసి లెక్కలు చెప్పకండి. బరువుకు వంశం, నిద్ర, జబ్బులు, మందులు - ఎన్నో కారణాలు ఉంటాయి. ఈ శాస్త్రం మన విస్తరిని మనం చూసుకోవడానికే. డబ్బాల్లో నిలవ పెరిగిపోతోందనుకుంటే దానికొక పాత ఉపాయం ఉంది: నలుగురికీ పంచడం. పిండివంట పంచితేనే పండుగ.

చేసి చూడండి

1. ఒక కాగితంమీద ఇడ్లీ ముక్కనూ, మరొక కాగితంమీద గారె ముక్కనూ పది నిమిషాలు ఉంచండి. తీసివేసి, కాగితాలు పూర్తిగా ఆరాక వెలుతురుకు పట్టి చూడండి. తడి మరక మాయమవుతుంది. నూనె మరక మాత్రం వెలుతురును దాటనిస్తూ అలాగే ఉంటుంది.

2. పిండివంటలు చేసే రోజున మూకుట్లో పోసిన నూనె ఎన్ని గ్లాసులో అమ్మను అడిగి వ్రాసుకోండి. వంట అయి, నూనె పూర్తిగా చల్లారాక, పెద్దవారి చేత కొలిపించండి. తగ్గిన నూనెను వంటకాల సంఖ్యతో భాగిస్తే ఒక్కొక్కదానిలో ఎంత చేరిందో తెలుస్తుంది. వేడి నూనె దగ్గరకు మీరు వెళ్ళవద్దు.

3. గడియారం ముందుంచుకొని మీ భోజనానికి ఎన్ని నిమిషాలు పడుతోందో వారం రోజులు వ్రాయండి. ఇరవైకి తక్కువైతే మరుసటి వారం పెంచి చూడండి. రెండోసారి వడ్డించుకునే అన్నంలో తేడా వస్తుందేమో గమనించండి.

ఆలోచించి చెప్పండి

1. చెరకు ముక్క నమిలి తినడానికీ, గ్లాసు చెరకు రసం తాగడానికీ తేడా ఏమిటి? ఒక గ్లాసు రసానికి ఎంత చెరకు కావాలో ఆలోచించి చూడండి.

2. పాయసం ఒక పూటకే పాడవుతుంది. అరిసెలు నెల నిలవుంటాయి. రెండింటిలోనూ తీపి ఉంది గదా, తేడా ఎందుకు?

3. నూనె సరిగా కాగకముందే గారెలు వేస్తే అవి ఎక్కువ నూనె పీలుస్తాయని అమ్మ అంటుంది. మూకుట్లో ఆవిరి చేసే పని గుర్తు తెచ్చుకొని కారణం చెప్పగలరా?